రంగం ఓడలో కోటమ్మ పేరు

“లస్కర్ దొరికాడు మామ్మా. కానీ పక్కన ఇంకో ఆడమనిషి పేరుంది” అని హేమ ఫోనులో గొంతు తగ్గించి చెప్పింది. తగ్గించిన గొంతుకే చెవులెక్కువ. పెరట్లో గిన్నెలు తోముతున్న కెంచమ్మ చేతిలో కొబ్బరిపీచు ఆగిపోయింది.

ఆగదా మరి? కెంచమ్మ మొగుడు ఎర్రప్ప లస్కర్. కోరంగి నుంచి వలసొచ్చినవాళ్ళ క్యాంపు పక్కనుంచి పారే పిల్లకాలువ మీద గేట్లు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. సిరుగుప్ప చుట్టుపక్కల వరిమళ్ళ మధ్య ఎవరిని అడిగినా లస్కర్ అంటే కాలువగట్టు మీద సైకిలు తోసుకుంటూ పోయే మనిషనే చెబుతారు. ఓడల్లో పనిచేసే కళాసీలను కూడా ఒకప్పుడు తెల్లదొరలు లస్కర్లనే రాసుకునేవారని ఆ గట్టు మీద ఎవరికి తెలుసు? ఫోనులో దొరికినవాడు సముద్రం మీది లస్కర్. ఇంట్లో దొరికిపోయినవాడు కాలువ మీది లస్కర్.

తెల్లారేసరికి ఎర్రప్ప తువ్వాలు చంకలో పెట్టుకుని హరిబాబు ఇంటి అరుగు ముందు నిలబడ్డాడు. వెనకే పోలీసులా కెంచమ్మ.

“హరిబాబన్నా, గేటు రొంత ఎత్తినా, ఒప్పుకుంటా. కింది మళ్ళోళ్ళు నారు ఎండిపోతాండాదని మొత్తుకుంటాంటే ఎత్తినా. ఆడమనిషి సంగతి మాత్రం సుళ్ళప్పా, పచ్చి అబద్దం! ఇది నాకు కూడు గూడా పెట్టలే.”

“ఏంది ఎర్రప్పా, ఎవరన్నారు నిన్ను?” అన్నాడు హరిబాబు. అతని కళ్ళు నిద్రలేక కాలువ తూములంత గుంటలు పడ్డాయి.

“ఎవురో ఏంది? హేమమ్మే అనింది!” అని కెంచమ్మ అందుకుంది. “లస్కర్ దొరికినాడు, పక్కన ఆడమనిషి ఉండాది, అంతా కంప్యూటర్లో ఉండాది అని నా చెవులారా విన్యా. యాడ ఉండాదమ్మా అది? పేరేంది దానిది?”

ఇంకోనాడైతే హేమ పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ పొద్దున ఆమెకి నవ్వూ లేదు, విడమర్చి చెప్పే ఓపికా లేదు. “నీ మొగుడు కాదు కెంచమ్మా. తర్వాత చెప్తా, కూర్చో” అని లోపలికి వెళ్ళిపోయింది. ‘తర్వాత’ అన్న మాట అనుమానానికి ఎరువు. మొగుడూ పెళ్ళాలిద్దరూ అరుగు మీద ఎడమొహం పెడమొహంగా కూలబడ్డారు.

ఈ సీరియల్‌ని మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి లోపలి గదిలో ఏం జరుగుతోందో తెలుసు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. ఆ గదిలో మంచం మీద ఉన్నది హరిబాబు తండ్రి, హేమ తాత, గుత్తుల వెంకటకృష్ణయ్య. కోరంగి నుంచి కట్టుబట్టలతో వచ్చి, ఈ నల్లరేగడిలో తుమ్మలు నరికి మళ్ళు కట్టిన తరం మనిషి. ఆయన తండ్రి తవిటిరాజు కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళే ‘ఆర్డెన్‌మోర్’ అనే ఓడలో బొగ్గు వేసే కళాసీ. రంగూన్‌ని ఆ రోజుల్లో రంగం అనేవారు. యుద్ధం వచ్చింది, ఓడ మునిగింది, రంగంలోకి దిగిన తవిటిరాజు మళ్ళీ ఇంటి గుమ్మం తొక్కలేదు. ఓడతోపాటే పోయాడని కొందరు, ముందే దిగిపోయి రంగంలో ఎవత్తెనో చేరదీశాడని కొందరు. ఓడ ఒక్కసారే మునిగింది. ఆయన పరువు మాత్రం కోరంగి వీధుల్లో రోజుకోసారి మునిగేది.

వెంకటకృష్ణయ్య మాత్రం తండ్రిని వదల్లేదు. తన తండ్రి మంచివాడు, మంచివాడిగానే పోయాడు అని ఎదురు తిరిగి కొట్లాడాడు. ఆ నమ్మకం మీదే ఒక పని చేశాడు. క్యాంపులో మొదటి పంట ఇంటికొచ్చిన ఏడు, యాభై ఎనిమిదిలో, దర్భలతో తండ్రి బొమ్మ చేయించి, దానికి నిప్పు పెట్టి, కర్మ జరిపించాడు. మొగుడు వస్తాడని అప్పటిదాకా పసుపూ కుంకుమతో కూర్చున్న తల్లి సూరమ్మ బొట్టు తుడిపించాడు. ఆ తర్వాత సూరమ్మ ఎంతోకాలం బతకలేదు.

ఇదీ పాత కథ. కొత్త కథ హేమ తెచ్చింది. సిరుగుప్పలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఆ పిల్ల, పాతకాలపు ఓడల సిబ్బంది పట్టీలను వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి పట్టుకుంది. ఎక్కడెక్కడి ఔత్సాహికులో ఆ కాగితాలకి ఫోటోలు తీసి అందులో పెట్టారు. మనిషి పేరు ఒక గడిలో, ఓడ పేరు ఒక గడిలో, ఊరు ఒక గడిలో కొడితే చాలు, అది చేతిరాతను చదువుకుని మనిషిని బయటికి లాగుతుంది. చదవలేకపోయిన చోట బూడిదరంగు గడి చూపించి చేతులెత్తేస్తుంది. తాతకి ఆశపెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని వెతికితే గుత్తుల తవిటిరాజు నిజంగానే తేలాడు. ఓడ ఆర్డెన్‌మోర్, ఊరు కోరంగి. ఆ సంబరంలో హేమ పక్క గడి కూడా గట్టిగా చదివేసింది.

దగ్గరి బంధువు: ఓలేటి కోటమ్మ.

సూరమ్మ కాదు. గుత్తులవారి మనిషే కాదు. వేరే ఇంటిపేరు ఆడది.

సాఫ్ట్‌వేర్ అని పేరేగాని అది కొట్టిన దెబ్బ సాఫ్ట్‌గా లేదు. వెంకటకృష్ణయ్య ఆ పూటే కంచం ముందునుంచి లేచిపోయాడు. మళ్ళీ కంచం ముట్టలేదు. సిరుగుప్ప నుంచి డాక్టరొచ్చి సెలైను పెడితే, సెలైను పీకేసి సెలవిమ్మన్నాడు. ఇంకొంచెం ఆలస్యమైతే మూత్రపిండాలు చేతులెత్తేస్తాయి, బళ్ళారి తీసుకెళ్ళండి అన్నాడు డాక్టరు. తీసుకెళ్ళబోతే ముసలాయన మంచంకోడు కౌగిలించుకున్నాడు. తాతది నిరాహారం, మనవరాలిది నిరాధారం. కోటమ్మ ఎవరో తెలుసుకుందామని హేమ క్లిక్కు మీద క్లిక్కు కొట్టింది, దిక్కు కనబడలేదు. ఓలేటి కోటమ్మ అని కొడితే ఏమీ రాలేదు. ఓడ సిబ్బందిలో ఆడవాళ్ళుండరు కదా, ఎలా వస్తుంది?

అందుకే ఆఖరి ఆశగా తారానగర్‌కి ఫోను చేసింది. తాత అక్క మాణిక్యం అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. తల్లి బొట్టు తుడిచిన నాటినుంచి ఈ గడప తొక్కని అక్క. ఫోనులో అంతా విని ఠక్కున పెట్టేసింది.

“తాతయ్యా, నోరు తడుపుకో. చుక్క నీళ్ళు” అని హేమ మంచం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

వెంకటకృష్ణయ్య పెదాలు పంటచేను బీటలు వారినట్టున్నాయి. “వద్దమ్మా. నీ తప్పు కాదు. నువ్వు ఉన్నది చదివావు.”

“అది భార్య అని ఎక్కడా లేదు తాతయ్యా! ఉత్త పేరే ఉంది.”

“కట్టుకున్నది ఉండగా ఇంకో ఆడదాని పేరు దేనికి చెప్తారే మగాళ్ళు?” మాటకీ మాటకీ మధ్య ఆయన ఊపిరి వెతుక్కుంటున్నాడు. “అమ్మ ఆ రోజు నా కాళ్ళు పట్టుకుందే. కొడుకు కాళ్ళు తల్లి పట్టుకుంది. వద్దురా కృష్ణుడూ, ఆయన వస్తారు అంది. నేను వినలేదు. మంచివాడు చచ్చాడు, మర్యాదగా సాగనంపుదాం అన్నాను. వాడేమో ఎవత్తె దగ్గరో బతికే ఉన్నాడన్నమాట. బతికున్నవాడికి కొరివి పెట్టి, ముత్తయిదువని విధవని చేశాను. ఈ చేత్తో చేశాను. ఈ చేత్తో అన్నం ఎలా కలపమంటావు?”

హేమ నీళ్ళ గ్లాసు మంచం కింద పెట్టేసింది. ఈయన ఈ మంచం మీదే పోతాడు, నేను గట్టిగా చదివిన ఒక్క పేరుతో పోతాడు అన్న మాట ఆమె బుర్రలో గానుగలా తిరుగుతోంది.

బయట కారు ఆగింది. కారు దిగిన మనిషి కారాలు మిరియాలు నూరుతూనే దిగింది.

“ఏడీ? బతికున్నాడా, నేనొచ్చేదాకా ఆగకుండా పోయాడా?”

మాణిక్యం. తొంభై దాటిన మనిషి, నడుము వంగినా మాట వంగలేదు. పేరుకి మాణిక్యం, నోరు వజ్రం, ఏది తగిలినా కోస్తుంది. హరిబాబు “అత్తయ్యా, మెల్లగా” అని చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. ఏ గడప తొక్కనని ఒట్టేసుకుందో ఆ గడప మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఒట్టునీ గడపనీ ఒకే అంగలో దాటేసింది.

వెంకటకృష్ణయ్య గోడవైపు తిరిగాడు.

“తిరుగు, తిరుగు. ఇటువైపు మొహం చూపించే పని చేశావా నువ్వు? అమ్మ గాజులు పగలగొట్టించిన నాడే అనుకున్నాను, నీకు తిండి సయించని రోజొకటి వస్తుందని.”

“మామ్మా!” హేమ దాదాపు అరిచింది. “తిట్టడానికేనా నువ్వొచ్చింది? చూడు ఆయన్ని. ఎట్లా ఉన్నాడో చూడు!”

మాణిక్యం చూసింది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న తమ్ముణ్ణి చూసింది. ఆమె నోరు మొదటిసారి తడబడింది. మంచం పట్టె మీద కూర్చుని, గొంతు సవరించుకుని, “ఆ పేరు మళ్ళీ చెప్పవే” అంది.

“ఓలేటి కోటమ్మ.”

మాణిక్యం నవ్విందో ఏడ్చిందో గాని భుజాలు మాత్రం కదిలాయి. “పిచ్చి సన్నాసీ! కోటమ్మ నాన్నకి పెళ్ళాం కాదురా. అమ్మ.”

“నాన్న తల్లి అచ్చియ్యమ్మ కదా” అన్నాడు ముసలాయన, గోడతో.

“కన్నది అచ్చియ్యమ్మ. కొన్నది కోటమ్మ.”

గుమ్మంలోకి ఎర్రప్ప, కెంచమ్మ కూడా వచ్చి నిలబడ్డారు. ఆడమనిషి పేరు వినబడ్డాక అరుగు మీద ఎవరుంటారు?

“నాయనమ్మకి ముందు పుట్టిన ముగ్గురూ పురుడు దాటలేదు” అంది మాణిక్యం. “నాలుగోవాడు నాన్న. వీణ్ణయినా మిగుల్చుకుందామని, పుట్టగానే చేటలో పడుకోబెట్టి, వీధి చివర చేపలమ్మే ఓలేటి కోటమ్మకి అమ్మేశారు. ఆవిడ ఇచ్చిన వెల చేటెడు తవుడు. ముక్కు కుట్టించి తవుడని పేరుపెట్టుకుంది. మళ్ళీ పెంచమని ఇచ్చినట్టుగా నాయనమ్మ చేతిలోనే పెట్టింది. ఈ బిడ్డ వీళ్ళది కాదు, కొన్నవాళ్ళది, అదీ తవుడుకి కొన్న పనికిమాలిన సరుకు అని చావు చూసి వెళ్ళిపోవాలని. తవిటిరాజంటే ఏ మహారాజు పేరనుకున్నారు మీరంతా?”

మూడు తరాలుగా ఆ ఇంట్లో అందరూ పలికిన పేరే. తవుడులో ఉన్న బలం అప్పటిదాకా ఎవరికీ వంటబట్టలేదు.

“కథలు చెప్పకక్కా” అన్నాడు వెంకటకృష్ణయ్య. కానీ ఇటు తిరిగి అన్నాడు. “నేను పోతానన్న భయంతో అల్లి చెబుతున్నావు. అమ్మ ఎన్నడూ ఈ మాట అనలేదు.”

“ఎలా అంటుంది? బయటపెడితే బేరం చెడుతుంది, చావుకి నిజం తెలిసిపోతుందని భయం. నాన్న బతికే ఉన్నాడని కదా అమ్మ నమ్మకం! నాన్న కోటమ్మని అమ్మా అని పిలవడం చూసినదాన్ని కాబట్టి నాచేత ఒట్టేయించుకుంది. ఆ తర్వాత నువ్వు దర్భబొమ్మ తగలేశావు. ఇంక నీ మొహం చూస్తే కదా నేను చెప్పడానికి?”

“అబద్ధం.”

“అబద్ధమా? ఓ పిల్లా, నీ పెట్టెలో ఉన్న నాన్నకి ముక్కుందా?”

హేమకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక లాప్‌టాప్ మీదికి ఉరికింది. తవిటిరాజు వరసలో ‘గుర్తులు’ అన్న గడి ఉంది. సాఫ్ట్‌వేర్ చదవలేక బూడిదరంగు వేసి వదిలేసిన గడి. సాఫ్ట్‌వేర్ వదిలేసిందని తనూ వదిలేసింది. ఇప్పుడు అసలు కాగితం ఫోటో తెరిచి, ఆ చోటుని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, సిరా అలుక్కుపోయిన ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుంది.

“ముక్కు... కుడివైపు... కుట్టిన రంధ్రం” అంది. “తాతయ్యా, ఉంది. ముక్కు కుట్టిన గుర్తు ఉంది!”

వెంకటకృష్ణయ్య లేవబోయాడు. హరిబాబు వీపుకి తలగడ పెట్టాడు. ముసలాయన అక్కని చూశాడు, సూటిగా, ఏళ్ళూ పూళ్ళూ దాటి.

“అయితే అమ్మ పేరెందుకు చెప్పలేదు? నీ పేరెందుకు చెప్పలేదు? నా పేరు?”

“ఒరేయ్ కృష్ణుడూ, అమ్మవారు పోసినప్పుడు నాన్న నేను కోటమ్మ కొడుకునే అన్నాడు. వరదలో పడవెక్కినా అదే అన్నాడు. గండం ఉన్న ప్రతిచోటా అదే మాట. యుద్ధంలో ఓడెక్కుతూ, చుట్టూ చావు కాచుకుని కూర్చున్న చోట, పెళ్ళాం పేరూ పిల్లల పేర్లూ చెప్పి దానికి మనింటి అడ్రసు ఇస్తాడట్రా ఎవడైనా? నిన్ను మరిచిపోయి కాదురా చెప్పనిది. దాచుకున్నాడు నిన్ను.”

ముసలాయనకి ఎండిపోయాయనుకున్న కళ్ళలోకి నీళ్ళు ఎక్కడినుంచో వచ్చాయి. ఎర్రప్ప ఎత్తని గేటు అది.

“నాన్న మంచివాడే కదక్కా?”

“మంచివాడేరా.”

“ఓడతోపాటే పోయాడు. ఎవత్తె దగ్గరికీ పోలేదు. నేను చేసింది... అమ్మకి చేసింది... పాపం కాదు కదా?”

ఇన్నేళ్ళ కోపాన్ని మింగడానికి మాణిక్యానికి కాస్త సమయం పట్టింది. మింగింది. వంగిన వేళ్ళతో తమ్ముడి నుదురు తుడిచింది. “పోయినవాడికి చేసినది పాపం ఎలా అవుతుందిరా? కాదులే. ముందు ఇంత గంజి తాగు.”

హరిబాబు వంటింట్లోకి పరుగెత్తిన పరుగుకి తలుపు గోడకి కొట్టుకుంది. గంజి వచ్చింది. మొదటి చెంచా సగం గడ్డం మీదికి పోయింది, సగం లోపలికి పోయింది. ఆ సగం గొంతు దిగడాన్ని అయిదుగురు మనుషులు ఊపిరి బిగపట్టి చూశారు.

“అంతా బాగుండాది గానీ,” అని ఎర్రప్ప గుమ్మంలోంచి నెమ్మదిగా నోరు విప్పాడు, “ఈ ముక్కు కుట్టిన లస్కర్ ఏ డిస్ట్రిబ్యూటరీ కాలువ మీద పనిచేసినాడు హేమమ్మా? నాకు తెలిసినోళ్ళలో ఎవురూ లేరే!”

హేమకి అప్పుడు గుర్తొచ్చింది. అందరి ముందూ విడమర్చి చెప్పింది. ఓడ కళాసీని కూడా లస్కర్ అనే రాసేవారని, దొరికింది ముత్తాత తవిటిరాజని, పక్కన ఉన్న ఆడమనిషి ఆయన్ని తవుడుకి కొన్న తల్లి కోటమ్మని, ఈ మొత్తం వ్యవహారంలో ఎర్రప్ప పేరు ఏ గడిలోనూ లేదని.

“అయితే నా మొగుడు కాదా?” అంది కెంచమ్మ, కాస్త నిరాశగానే.

“నేను చెప్పలే? సుమ్నె, ఊరకే కూడు లేకుండా పండుకోబెడితివి గదే!”

“గేటు ఎత్తినావు గదా? దానికి పండుకో.”

గంజి తాగుతున్న ముసలాయన పొలమారేలా నవ్వాడు. మాణిక్యం తమ్ముడి నెత్తి మీద తట్టింది. “కోటమ్మంటే మాటలనుకున్నారా? ఓడ మీద వాళ్ళంతా నాన్నని గుత్తుల అని పిలిచేవారే కాదట. ఓలేటి తవుడే అందరికీ. అమ్మ చెప్పేది” అంది.

హేమ లాప్‌టాప్‌ని మళ్ళీ ముందుకు లాక్కుంది.

ఇన్నాళ్ళూ ఆమె వెతికింది గుత్తుల తవిటిరాజుని. ఓలేటి అనే ఇంటిపేరుతో కోటమ్మనే వెతికింది గాని, కొడుకుని వెతకలేదు. నవ్వులు సాగుతూనే ఉన్నాయి. ఆమె పేరు గడి చెరిపేసి, ఓలేటి తవిటిరాజు అని కొట్టింది. ఊరు, కోరంగి. ఓడ పేరు గడి ఖాళీగా వదిలేసింది. వెతుకు అన్న చోట నొక్కింది.

తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఒకే ఒక్క వరస తేలింది.

ఓలేటి తవిటిరాజు. ఊరు కోరంగి. కుడి ముక్కు కుట్టిన గుర్తు. ఓడ ఆర్డెన్‌మోర్ కాదు, ఇంకేదో. రేవు చిట్టగాంగు. ఏడు, పంతొమ్మిదివందల అరవై ఒకటి.

దర్భబొమ్మ బూడిదై అప్పటికి మూడేళ్ళు.

ఆమె చూపు తనంతట తానే చివరి గడికి జారింది. దగ్గరి బంధువు. అక్కడ ఈసారి కోటమ్మ లేదు. కొడుకు, వెంకటకృష్ణ అని ఉంది.

“ఏమిటే, మొహం అలా పాలిపోయింది?” అన్నాడు వెంకటకృష్ణయ్య. మరో చెంచా ఆయన పెదాల దాకా వచ్చి ఆగింది. గదిలో అందరూ హేమవైపు తిరిగారు. “నాన్న గురించి ఇంకేమైనా ఉందా అందులో? ఉంటే చదువమ్మా. గట్టిగా చదువు.”